గట్టు దాటిన మందు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పత్తికి మందు కొట్టాలంటే మా బాపే, అంటే మా నాన్నే, కొట్టాలి అనేవారు. దేవరుప్పులకు దగ్గర్లో ఊరు మాది. నీళ్లు తక్కువ, పత్తి ఎక్కువ. వీపుకు పెట్రోలుతో నడిచే మందు పంపు, చేతిలో గొట్టం పట్టుకుని ఆయన సాళ్ల మధ్య నడుస్తుంటే చేనంతా తెల్లటి పొగ కమ్మినట్టుండేది. ఆకు మీద చుక్క జారకూడదు, మంచు పట్టినట్టు పట్టాలి. అది ఆయన పట్టుదల. అందుకోసం గొట్టం చివరనుండే నాజిల్‌ను బిగించి బిగించి, మందును ఎంత సన్నగా చిమ్మవచ్చో అంత సన్నగా చిమ్మించేవాడు.

జాగ్రత్తలు లేని మనిషి కాడు. మిట్టమధ్యాహ్నం కొట్టడు. ముఖానికి తువ్వాల కట్టుకోనిదే పంపు ఎత్తడు. స్నానం చేయనిదే మమ్మల్ని దగ్గరికి రానివ్వడు. నేను ఇప్పుడు రైతులకు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆయనకు అప్పుడే అలవాటు. అందుకే ఆ రోజు సంగతి నాకు ఇంకా తేలిక కాలేదు.

మా చేనుకు తూర్పున, గట్టు అవతల, పక్కింటి అక్క మల్బరీ తోట ఉండేది. తల్లి ఇచ్చిన ఆ మెట్ట చెలకలోనే షెడ్డు వేసుకుని పట్టుపురుగులు పెంచేది. బావ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీ. నెలకోసారి ఇంటికి వచ్చేవాడు, ఉన్నంతసేపూ దగ్గేవాడు. పట్టుపురుగులు వరసగా రెండు పంటలు నిలబడితే గని మానేసి వచ్చి తోట చూసుకోవాలని వాళ్లిద్దరూ అనుకున్నారు. మొదటి పంట నిలబడింది. రెండోది గూళ్లు కట్టడానికి ఇంకో నాలుగైదు రోజులుందనగా జరిగిందిది.

బడి వదలగానే నేను అక్క దగ్గరికి వెళ్లి ఆకు మోసేవాణ్ని. షెడ్డులోకి ఎవరు పడితే వాళ్లు పోవడానికి లేదు. గుమ్మం దగ్గర సున్నం పొడిలో కాళ్లు అద్దుకునే లోపలికి అడుగుపెట్టాలి. పురుగుల పడక తడిగా ఉంటే ఆరడానికి అక్క ఆ సున్నాన్నే గుడ్డలో మూటగట్టి పైనుంచి దులిపేది. అలా దులిపేటప్పుడు కిటికీ తెరిచి ఉంటే కసిరేది. నేను పత్తి చేను మీదుగా వచ్చిన రోజు మాత్రం లోపలికే రానిచ్చేది కాదు. "ఆణ్నే ఉండు. మీ బాపు అత్తరు నీకు గూడ అంటుకున్నది," అనేది.

బాపుకు, అక్కకు ఎప్పుడూ మాటల పోటీ. "చిన్నాయినా, మందు కొడుతున్నవా, ఊదు ఏస్తున్నవా?" అని గట్టు మీద నిలబడి ఆమె అడిగితే, ఈయన నవ్వి, "నీ పురుగులకు నువ్వు ముద్దలు పెట్టు, నా పురుగులకు నేను మందు పోస్త. ఎవరి పిల్లలు వాళ్లకు ముద్దు," అనేవాడు. కాకపోతే మందు కొట్టే ముందు ఒక మాట చెప్పేవాడు. ఆ పూటకూ మర్నాటికీ సరిపడా ఆకు ఆమె ముందే కోసి పెట్టుకునేది; తర్వాత కొన్నాళ్లు గట్టు పక్క చెట్ల ఆకు ముట్టేది కాదు.

ఆ సాయంత్రం ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆకు రసం పీల్చే పచ్చదోమ ఎక్కువైంది, మబ్బు పట్టింది, వాన రాకముందే ముగించాలని తొందర. అక్క వైపు రెండు సాళ్లు వదిలేసి, గొట్టాన్ని ఒక్కసారి కూడా అటు తిప్పకుండా కొట్టి వచ్చాడు. పడమటి గాలి మెల్లగా వీస్తున్నది. వాన మాత్రం రాలేదు.

తెల్లవారి అక్క ఆకు కోసి పురుగులకు వేసింది. ఆదివారం కావడంతో నేను కూడా మోశాను. ఎండ ఎక్కేసరికి పురుగులు మేయడం మానేశాయి. తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపసాగాయి. కొన్నింటి నోటి నుంచి పచ్చటి నీరు కారింది. వేలెడు పొడవున నిగనిగలాడే పురుగులు చూస్తుండగానే కుంచించుకుపోయాయి. అక్క ఒక తట్ట దగ్గర నుంచి ఇంకో తట్ట దగ్గరికి పోయి చూసింది. మిగిలిన ఆకు ఒకటి తీసి వాసన చూసింది. ఏడవలేదు. "పోయి మీ బాపును పిలువు," అన్నది.

బాపు వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపలికి ఒక్క చూపు చూసి, "నేను నీ దిక్కు కొట్టలే బిడ్డా. రెండు సాళ్లు ఇడిసిపెట్టిన. ఒట్టు," అన్నాడు.

అక్క సాయంత్రం దాకా ఆగి, చిన్న గంపలో సున్నం పొడి పోసుకుని, మా ఇద్దరినీ చేనుకు తీసుకుపోయింది. నిన్నటి గాలే వీస్తున్నది. బాపును నిన్న చివరగా కొట్టిన సాలులో నిలబడమన్నది. కింద నుంచి పిడికెడు ఇసుక తీసి, ఆయన గొట్టం పట్టుకునే ఎత్తు నుంచి వదిలింది. ఇసుక ఆయన కాళ్ల మీదే పడింది. తర్వాత అదే ఎత్తు నుంచి సున్నం వదిలింది. అది కింద పడలేదు. తెల్లటి తెరలా గాలిలో నిలిచి, వదిలేసిన రెండు సాళ్లు దాటి, గట్టు దాటి, నెమ్మదిగా తోట మీద వాలింది. మల్బరీ ఆకులు మా కళ్లముందే తెల్లబడ్డాయి.

"ఇసుక నీ చేతి మాట ఇన్నది చిన్నాయినా. సున్నం గాలి మాట ఇన్నది," అన్నది అక్క. "నీ మందు ఇసుక తీరుగుంటదా, సున్నం తీరుగుంటదా?"

బాపు గట్టు దాకా నడిచి, తెల్లబడ్డ ఆకును వేలితో తుడిచాడు. ఊరంతా మెచ్చుకున్న ఆ పొగ ఎక్కడికి పోతున్నదో ఆయన మొదటిసారి చూశాడు. చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఆ దిక్కు కొట్టలేదు, నిజమే. మందు పోయింది, అదీ నిజమే.

చచ్చిన పురుగులను పాతడానికి గుంత బాపే తవ్వాడు. బతికిన కొద్ది పురుగులు పలచటి గూళ్లు కట్టాయి. లోపలి పురుగు బయటికి కనపడేంత పలచన. సంగతి తెలిసి బావ వచ్చాడు. కొట్లాట అవుతుందని మా అమ్మ భయపడింది. ఆయన బాపును ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చుని దగ్గి, "ఇంకొక్క పంట చూద్దమా?" అని అక్కను అడిగాడు.

"గాలికి తాళమేస్తవా?" అన్నది అక్క.

వారం తిరగకుండానే ఆమె కూడా ఆయనతోపాటు భూపాలపల్లికి బయలుదేరింది. బాపు సామాను మోసి బస్సులో పెట్టి, కిటికీ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. "నీ తప్పు లేదని అనను చిన్నాయినా. పగ గూడ లేదు. ఎండల తిరుగకు," అన్నది. నా తల నిమిరి, బాగా చదువుకోమన్నది. తర్వాత ఆ తోట ఎండింది. వేర్లు పీకి ఎవరో పత్తి పెట్టారు.

బాపు ఆ తర్వాత నాజిల్ అంత బిగించలేదు. గాలి నిలిచేదాకా పంపు పక్కన కూర్చునేవాడు. ఒక్కోరోజు పొద్దు గుంకినా నిలవకపోతే ఊరికే తిరిగి వచ్చేవాడు. ఆకుల మీద చుక్కలు కనపడుతున్నాయని, చెయ్యి పాడైందని జనం అన్నారు. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ చుక్కలెందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్క పంట సంగతి చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు నేను చేసే పరిశోధన మందు చుక్కల మీదే. తడి తగిలితే రంగు మారే కాగితాలు చేనులో కట్టి, ఏ నాజిల్‌తో, ఎంత గాలిలో, చుక్క ఎంత లావుంటే ఎక్కడ పడుతుందో కొలుస్తాం. చుక్క మరీ లావైతే ఆకు మీద నిలవక నేల పాలవుతుంది; మరీ సన్నమైతే గాలి పాలవుతుంది. ఈ రెండింటికీ నడుమ రైతుకు పనికొచ్చే కొలత వెతకడమే నా ఉద్యోగం. కాగితాలు కొన్ని గట్టు అవతల కూడా కడతాను. అక్కడి కాగితం రంగు మారితే, చేనులో దోమ ఎంత బాగా చచ్చినా నా మనసు ఆ పూట కుదుటపడదు.

నర్సింహులపేట వైపు మిరప రైతుల దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లు పురుగు గురించి అడుగుతారు. నేను ముందు, గట్టు అవతల ఏముందని అడుగుతాను. "ఏం లేదు సార్, పడావే, బీడు భూమి," అంటారు చాలామంది. అబద్ధం చెబుతున్నారని కాదు. మా బాపు కూడా నిజమే చెప్పాడు. అయినా గట్టు దిగి, అటు వైపు కొంత దూరం నడిచి, చూసి వస్తాను.