జిన్ను పక్కన తీసిన ముప్ఫై ఫొటోలు

మొత్తం తీసినవి నలభై ఆరు. పోయినవి ఇరవై తొమ్మిది. మిల్లు గేటు దగ్గర ఎండలో చేత్తో తీసిన పదహారూ శుభ్రంగా వచ్చాయి. లోపల ట్రైపాడ్ మీద పెట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీసిన ముప్ఫైలో ఒక్కటే నిలిచింది. లెక్క తిరగబడినట్టు అనిపించింది.

మూడేళ్ళ కిందటి మాట. సత్తెనపల్లి దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాన్ని జిన్ను అంటారు. నలభై ఏళ్ళుగా ఒకే జిన్ను చూసుకున్న ఫిట్టర్ మస్తాన్ గారికి ఆ రోజు ఆఖరి డ్యూటీ. మర్నాడు ఆ జిన్నును కూడా పాత ఇనుము కింద విప్పేస్తారు. ఆయన కోరింది ఒకటే, జిన్ను ఆడుతుండగా దాని పక్కన తన ఫొటో. కాసేపు ఆపి తీద్దామన్నాను.

"ఆగిన మిషన్ పక్కన నిలబడితే చావుకొచ్చినట్టుంటుందయ్యా," అన్నారు.

లోపల వెలుతురు తక్కువ. షట్టర్ స్పీడ్, అంటే కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో పదో వంతు పెట్టాను. అంతసేపు చేతులు నిలవవు కాబట్టి ట్రైపాడ్. నొక్కేటప్పుడు వేలు కదుపుతుందని టైమర్. కెమెరా వెనక చిన్న తెరలో అన్నీ బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేస్తే ఆయన మీసానికి రెండు అంచులు. ఆయనే కదిలారనుకుందామంటే వెనక గోడ ఇటుకలకీ రెండేసి అంచులు.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ప్రతి ఫొటోకీ అంకెలు రాసుకుని తప్పు పట్టుకోవడమే నా చదువు. అదే ట్రైపాడ్, అదే పదో వంతు పెట్టి ఇంట్లో క్యాలెండర్‌ని ఇరవైసార్లు తీశాను. ఇరవైకి ఇరవై నిలిచాయి. చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ట్రైపాడ్ మీద ఒక్కోసారి తిప్పలు పెడుతుంది, కానీ ఆ రోజు దాన్ని ఆపే ఉంచాను. ట్రైపాడ్ మరలన్నీ బిగువుగానే ఉన్నాయి. ఏమీ పాలుపోలేదు.

మూడో రోజు మస్తాన్ గారిని వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళాను. ఆయన జిన్ను ఉన్నచోట నాలుగు బోల్టులు మిగిలాయి. పక్కవి ఆడుతున్నాయి. నేల అదురుతుందా అని అడిగితే లేదన్నారు. నాకూ తెలియలేదు. తాగడానికిచ్చిన నీళ్ళ గ్లాసు నేల మీద పెట్టాను. నీళ్ళ మీద సన్నగా ముడతలు లేచాయి.

ఆయన వంగి చూశారు. "ఇది అదరడమా? మిల్లు నడుస్తోందంతే. మా ఇంట్లోనే నాకు నేల తేడాగా ఉంటుంది."

మన కాళ్ళు అదురును మింగేస్తాయి, ట్రైపాడ్ కాళ్ళు నేరుగా కెమెరాకు చేరవేస్తాయి. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ముందు నేల చూస్తాను. అనుమానముంటే ట్రైపాడ్ కాళ్ళ కింద గోనెసంచులు మడత పెడతాను, లేదా ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే శక్తి, పెంచి, షట్టర్ వేగం పెంచి, మోచేతులు ఒంటికి ఆనించి చేత్తోనే తీస్తాను. ఫొటోలో నూక చల్లినట్టు కాస్త చుక్కలు కనిపించినా ఫరవాలేదు.

కానీ ముప్ఫైలో ఆ ఒక్కటి, అదే చోట, అదే పదో వంతులో ఎలా నిలిచిందో ఈనాటికీ తెలియదు. అందులో ఆయన కళ్ళు మూసుకున్నారు. అదే పెద్దది చేసి ఇచ్చాను.

"డ్యూటీలో నిద్రపోతానని మా ఆవిడ ఎప్పుడూ అనేది. రుజువు తీసిచ్చావు," అని నవ్వారు. తర్వాత మెల్లగా అడిగారు, "కళ్ళు తెరిచింది ఒక్కటీ లేదా?"

లేదన్నాను. జిన్ను పోయింది. ఆయనకు నేను ఇవ్వాల్సిన ఫొటో ఇప్పటికీ ఒకటి ఉంది.