పదిహేడో నంబరు గిన్నె

ఛత్తీస్‌గఢ్‌లోని కిరందుల్‌లో ఇనుప గనుల కంపెనీ ఇచ్చిన పన్నెండో నంబరు క్వార్టర్లో దేముడు ముప్పై నాలుగేళ్లున్నాడు. పని కొండ మీద, ఇనుపరాయిని పగలగొట్టే క్రషర్ దగ్గర. ఇప్పుడు రిటైరయ్యాడు. నెలాఖరుకి తాళంచెవి అప్పజెప్పాలి.

సామాను కట్టుకుంటూంటే వంటింటి అటక మీద ఏడు స్టీలు గిన్నెలు కనిపించాయి. ఏవీ తమవి కావు. అన్నింటి అంచునా చుక్కలుగా కొట్టిన అంకెలు: తొమ్మిది, పదిహేడు, ఇరవై... ఆ క్వార్టర్ల లైన్లో గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేవారు కాదు. ఒకరిది ఒడియా, ఒకరిది బెంగాలీ, ఒకరిది హిందీ. అందరూ చదవగలిగేది ఇంటి నంబరొక్కటే. కూరలు, పొడులు గోడ మీంచి వచ్చేవి, వెళ్లేవి. రెండేళ్ల కిందట భార్య గంగారత్నం పోయాక గోడ మీద ఏ గిన్నే కనపడలేదు. ఆ ఏడిళ్లవాళ్లూ ఎప్పుడో ఊళ్లకు వెళ్లిపోయారు.

పరాయి గిన్నెలు లారీ ఎక్కించలేడు, పారేయలేడు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లకి ఒకేసారి కబురందాలంటే వెబ్‌సైటు పెట్టమని ఎవరో చెప్పి, జగదల్‌పూర్లో అలాంటివి తయారుచేసే లాస్య నంబరిచ్చారు.

"ఏం కావాలి అంకుల్?"

"మా పాత లైనోళ్లందరూ సూడాలమ్మా. మంచిగుండాలి."

"మంచిగా అంటే?"

"నీకు తెలీదేటి? అందరికీ ఎలా సేస్తావో అలాగే."

అలాగే చేసింది. పైన కొండ, డంపరు లారీ. దాని కింద కోట్లు తొడుక్కుని చేతులు కలుపుకుంటున్న ఎవరో మనుషులు. 'మా ఆశయం', 'మా సేవలు'. చివర పేరు, హోదా, ఉద్యోగి నంబరు నింపే గళ్లు. దేముడు తెలిసినవాళ్లందరికీ పంపాడు. బొటనవేళ్లు, దండాల బొమ్మలు వచ్చాయి. గళ్లు మాత్రం ఎవరూ నింపలేదు.

"బాగుందమ్మా, గానీ..." అన్నాడు ఫోన్లో.

"గానీ ఏంటో చెప్పండి అంకుల్. మూడుసార్లయింది, ఇక్కడే ఆగిపోతున్నారు. మీ మనసులోది నాకెలా తెలుస్తుంది?"

"నవ్వకూడదు మరి."

"నవ్వనులెండి."

"గిన్నెలిచ్చీడానికమ్మా."

నవ్వేసింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆపుకుంది. "సారీ అంకుల్. ఎవరివి గిన్నెలు?"

"పదిహేడోళ్లది ఒకటి, తొమ్మిదోళ్లది ఒకటి..."

"అచ్ఛా, పేర్లు చెప్పండి."

"మొగోళ్ల పేర్లయితే కొన్ని తెలుసు. గిన్నెలు ఆడోళ్లవి కదా."

"మరి వాళ్లని ఆంటీ ఏమని పిలిచేవారు?"

"పదిహేడూ అనే పిలిసేది, గోడ మీంచి. మా ఆవిడ్ని వాళ్లు పన్నెండూ అనీవారు."

"అంకుల్, ఆ పదిహేడు ఆవిడ ఫోన్ తెరవగానే ముందు ఏం కనపడాలి? అదొక్కటి చెప్పండి."

దేముడు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుమ్మం దిగాడు. లైను మొదటికి వెళ్లి అక్కణ్నించి నడుస్తూ చెప్పాడు. "ఒకటి, మెట్టు ఇరిగింది, తాళమేసుంది. రెండు, ఎవరో కొత్తోళ్లు. మూడు, తాళం. తలుపులన్నీ పచ్చరంగేనమ్మా, మట్టి పట్టి ఎర్రగా కనిపిస్తాయంతే..." ఇరవై నాలుగు దాకా నడిచాడు. ఆమె రాసుకుంది.

కొత్త పేజీని దేముడు తెరిచి చూశాడు. కొండ లేదు, కోట్లు లేవు. వరసగా ఇరవై నాలుగు పచ్చతలుపులు, వాటి మీద నంబర్లు. పదిహేడో తలుపు నొక్కితే గిన్నె ఫోటో. కింద నాలుగు లిపుల్లో ఒకే మాట: 'మీ గిన్నె పన్నెండులో ఉంది.' తర్వాత ఫోన్ నంబరు.

దాన్ని అందరికీ పంపిన మూడోనాటి పొద్దున్న ఫోన్ మోగింది.

"అన్నియ్యా, పదిహేడుని. బొబ్బిలి నుంచి. ఇప్పటికి గుర్తొచ్చానా? పన్నెండు ఏదీ, ఒకసారి ఫోనియ్యి, దాన్ని తిట్టాలి."

గంగారత్నాన్ని పిలవమని రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. పోయిందని చెప్పాడు దేముడు. అవతల కుక్కరు కూతపెట్టి ఆగింది.

"అడ్రసు సెప్పమ్మా, గిన్నె పంపుతాను," అన్నాడు.

"పంపు అన్నియ్యా. ఒట్టి గిన్నె పంపకు. అది ఎప్పుడూ అలా పంపలేదు."

"ఏటి పెట్టేదమ్మా నీకు?"

"అదీ తెలీదా? ఎండు చింతచిగురు."

అతనికి తెలియదు. గిన్నెలు గోడ దాటే వేళకి తను కొండ మీద ఉండేవాడు. సంతకెళ్లి ఎండు చిగురు వెతికి కొన్నాడు, గిన్నెలో అదిమి నింపాడు, పైన గుడ్డ కట్టాడు.

మిగతా ఆరూ తోమి కిటికీలో బోర్లించాడు. వాటిలో గంగారత్నం ఏం పెట్టేదో చెప్పేవాళ్లింకా ఫోన్ చేయలేదు. నెలాఖరుకి పదకొండు రోజులుంది.