దొడ్లో గునుగు

నిజాం కాలంలో, ఎల్లారెడ్డి తాలూకాలో మా ఊళ్లో, అవ్వ వానకాలమంతా దొర జొన్నచేలో వెట్టికి కలుపు తీసేది. ఆ కలుపులో సగం గునుగే. తీరా బతుకమ్మ పండుగొచ్చేసరికి పేర్చడానికి పిడికెడు గునుగుపూలు దొరక్క చేలగట్లన్నీ తిరిగేవాళ్లం.

ఒక ఏడాది విసుగెత్తి, స్నానం చేసే బండ పక్కన తనే గునుగు విత్తనం చల్లింది. కోళ్లు గెలకకుండా తుమ్మకంప అడ్డం పెట్టింది. "కల్పును సాకుతున్నవేందే?" అని పక్కింటామె నవ్వింది. "ముట్టుకుంటె చేతులిర్గగొడ్త" అని అవ్వ మమ్మల్ని బెదిరించింది. మొక్కలు జానెడు లేచాక కంప తీసేసింది.

ఒక సాయంత్రం చేను నుంచి వచ్చి ఆ బండ మీద కూలబడింది. కళ్లు మూతలు పడుతున్నాయి. కాళ్లు కడుక్కోవడానికి నేను నీళ్లు తెచ్చేసరికి, గునుగంతా వేళ్లతో సహా ఆమె పక్కన కుప్పగా పడి ఉంది. వేర్లకున్న మట్టి కూడా దులిపి ఉంది.

నేను కెవ్వుమంటే కళ్లు తెరిచింది. కుప్పను చూసి, అరచేతులు చూసుకుంది.

"ఇంటికొచ్చినమని ఈ చేతులకు ఎవ్వలు చెప్పలే బిడ్డా" అంది.