ఎవరి చెయ్యీ పడని చుట్ట

పొట్లాలక్క కట్టిన పొట్లాన్ని తలకిందులు చేసి ఊపినా ఒక్క పలుకు రాలదు. వీధి మొగలో చిన్న కిరాణా కొట్టు ఆవిడది. పంచదారైనా, ఆవాలైనా, మేకులైనా సరే, కాగితంలో పోసి రెండు మడతలు, ఒక మెలిక, ఒక నొక్కు. దారం లేదు, జిగురు లేదు. ఇంటికెళ్ళి విప్పలేక ఆవిడను తిట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, దారిలో ఒలికిపోయిందని తిరిగొచ్చినవాళ్ళు లేరు.

ఆవిడ భర్తను అందరూ సీలాయన అంటారు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి అంకెలు రాసుకోవడం ఆ ఉద్యోగంలో సగం. మిగతా సగం, మీటరుకు వేసిన సీసపు సీలును ఎవరైనా కదిలించారేమోనని భూతద్దం పెట్టి చూడడం. మొదటి సగం కోసం జీతం తీసుకునేవాడు, రెండో సగం కోసం బతికేవాడు. మనిషి అబద్ధమాడతాడు గానీ సీలు ఆడదని ఆయన సిద్ధాంతం. చుట్టాలింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ మీటరు చూసి, తరవాతే కంచం చూసేవాడు.

ఆదివారాలు ఆ భూతద్దానికి ఇంకో పని ఉండేది. గడియారాలు బాగుచేసే పెద్దాయన దుకాణం వెనక గదిలో, నాణేలు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు ఆ రోజు పొద్దున చేరేవారు. బ్యాంకువాళ్ళు ఒకే రకం బిళ్ళల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, కాగితంలో బిగించి చుట్టి, రెండు చివర్లా అంచును రేకులు రేకులుగా లోపలికి మడిచి ఇస్తారు కదా, దాన్ని వాళ్ళు చుట్ట అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పొట్లాలక్క, ఈ వయసులో ఈయన పొగ మొదలుపెట్టాడేమోనని చొక్కా జేబులు వాసన చూసింది.

ఒక శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర సీలాయన మహా హుషారుగా ఉన్నాడు. గడ్డం అని అందరూ పిలిచే ఒక వ్యాపారిని తను కిందటి ఆదివారం గుంపులోంచి ఎలా గెంటించాడో ఆవిడకు చెబుతున్నాడు.

"వాడేమన్నాడు? ఇది పాతకాలం చుట్ట, బ్యాంకులో చుట్టింది చుట్టినట్టే ఉంది, ఎవరి చెయ్యీ పడలేదు అన్నాడు. అమ్మేవాళ్ళంతా అనే మాటే అది. అసలు కొనేవాడికి కనిపించేదేంటి? రెండు చివర్లా రెండు బిళ్ళలు, అంతేనా? అవి రెండూ తళతళలాడుతున్నాయి. ఇంకేం, లోపలున్నవన్నీ అలాంటివే అనుకుని మనవాళ్ళు ఎగబడ్డారు."

"కాదా మరి?" అంది ఆవిడ కూర వడ్డిస్తూ.

"నేను చూశాను కదా! మడతలో మడత కలవలేదు. అక్కడే విప్పించాను. చివరి రెండూ మంచివి. మధ్యలోవన్నీ నిన్నా మొన్నా బజార్లో తిరిగి అరిగిపోయినవి. మంచివన్నీ వాడు తీసేసుకుని, మామూలువి కూరి, పైకి కనిపించేచోట మాత్రం మంచివి పెట్టి మూశాడు. ఇంతకన్నా దగా ఇంకోటుందా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రెండో చెయ్యి దానంతట అదే వెళ్ళి కొప్పులోని పిన్నును తడుముకుంది. ఎందుకంటే సరిగ్గా ఆ పనే ఆవిడ ఏళ్ళ తరబడి చేస్తోంది.

సీలాయన బీరువాలో ఒక చుట్ట ఉంది. అది ఆయనకు ప్రాణం. ఓడ బొమ్మ ఉన్న బిళ్ళలు ఒక్క ఏడాదే వచ్చి ఆగిపోయాయి. తరవాత వచ్చినవాటి మీద ఓడ బదులు ఆకు వేశారు. ఆ ఓడ బిళ్ళలు వచ్చీరాగానే ఈయన బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి ఒక చుట్ట తెచ్చుకుని, విప్పకుండా దాచాడు. బీరువా తాళంచెవిని క్షవరం పెట్టె అడుగున పెట్టి, ఆ రహస్యం లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాడు. ఆ పెట్టెలో సబ్బు అయిపోతే కొత్తది ఎవరు పెడుతున్నారో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

కొట్టు పెట్టిన కొత్తలో ఒక పొద్దున, చిల్లర లేదని చెప్పి కొనడానికి వచ్చినవాళ్ళను ఆవిడ వెనక్కి పంపాల్సి వచ్చింది. చిల్లర లేని కొట్టు ఎంత నరకమో నడిపేవాళ్ళకే తెలుస్తుంది, బీరువాలో బిళ్ళలు పడుకోబెట్టి జోకొట్టేవాళ్ళకు తెలియదు. ఆవిడ బీరువా తీసి, పిన్నుతో చుట్ట మడతను ఒక్కొక్క రేకే లేపి, కావలసినన్ని బిళ్ళలు తీసుకుంది. సాయంత్రం గల్లాపెట్టెలోంచి అన్ని బిళ్ళలే తెచ్చి, పాత మడత మీదే మడత పడేలా మూసేసింది. బిళ్ళకు బిళ్ళ, చెల్లుకు చెల్లు. ఆ తరవాత అది అలవాటైంది. గంపలో పైవరస పళ్ళు నదురుగా పేర్చడం కొట్టువాళ్ళకు పుట్టుకతో వచ్చే బుద్ధి కాబట్టి, రెండు చివర్లా మాత్రం మెరిసే ఓడ బిళ్ళలే ఉంచేది. ఇందులో తప్పుందని ఆవిడకు కలలో కూడా తోచలేదు. ఓడ ఉంటేనేం, ఆకు ఉంటేనేం, రెండింటికీ అంతే పంచదార వస్తుంది కదా!

ఇప్పుడు తోచింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయి, ఏదో చెప్పబోయి ఆగింది. అంతలో పులి మీద పుట్రలా ఆయనే అందుకున్నాడు.

"ఏమోయ్, నీ కొట్లో ఫ్రిజ్ పాడైంది కదా. వెన్న కరిగి కారిపోతోందని మొన్న ఎవరితోనో అంటున్నావు. ఆ ఓడ చుట్ట ఆదివారం అమ్మేస్తున్నా. గడియారాల పెద్దాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆ డబ్బుతో నీకు కొత్త ఫ్రిజ్!"

కొట్టు పెట్టినప్పటినుంచీ ఆయన తనంతట తాను దాని గురించి ఆలోచించడం అదే మొదటిసారి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో సంతోషం సగం, భయం సగం. ఆయన మొత్తం సంతోషం కింద జమ వేసుకున్నాడు.

భయం ఎందుకంటే, గడియారాల దుకాణం వెనక గదిలో ఒక నియమం ఉంది. చుట్ట అమ్మేవాడు అందరి ముందూ నిలబడి దాని గురించి మాటివ్వాలి. అక్కడే విప్పాలి. మాట అబద్ధమైతే మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టకూడదు. ఆ నియమం పెట్టినవాడు సీలాయనే. పాపం ఆయనకు ఆ గదిలోవాళ్ళు తప్ప వేరే స్నేహితులు లేరు. ఇంటింటికీ వెళ్ళి సీళ్ళు అనుమానించేవాడికి ఏ ఇంట్లో స్నేహితులుంటారు?

శనివారమంతా ఆవిడ గల్లాపెట్టె బోర్లించి ఓడ బిళ్ళల కోసం వెతికింది. ఒకే ఒక్కటి దొరికింది. దాని మీద ఓడ మునిగిపోయినంతగా అరిగిపోయి ఉంది. ఇక లాభం లేదని ఆయన దగ్గరికే వెళ్ళింది.

"ఏమండీ, ఆ చుట్ట అమ్మకండి. ఫ్రిజ్ లేకపోయినా నాకేం ఫరవాలేదు."

"నీ మనసు నాకు తెలియదా?"

"అది కాదండీ. ఆ చుట్టను నేను..."

"నువ్వూ దానిమీద మమకారం పెంచుకున్నావు, తెలుసు. వస్తువుల మీద అంత మమకారం పనికిరాదోయ్." అని, ఆయన చుట్టను దీపం కిందికి తెచ్చి భూతద్దం పెట్టాడు. "చూడు. కాగితం అసలుది. బ్యాంకు ముద్ర అసలుది. ఇక మడతలు చూడు, ఒక్క రేకైనా గీత దాటిందా? ఇలా మడిచే పనివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు!"

పెళ్ళయినప్పటినుంచీ ఆయన తన పనితనాన్ని అంతలా పొగడలేదు. ఆవిడకు క్షణకాలం గర్వంగా అనిపించింది, ఆ గర్వానికి సిగ్గేసింది, ఆ సిగ్గులో చెప్పాల్సిన మాట మళ్ళీ గొంతులోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కొట్టుకు తాళం వేసి, "నేనూ వస్తాను" అంది. తన భార్యకు నాణేల మీద ఇష్టం పుట్టిందని సీలాయన దారి పొడుగునా పొంగిపోయాడు.

ఆ గదిలో గోడల నిండా గడియారాలు, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సమయం. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. లోపలికి రాకూడదు కాబట్టి గడ్డం గుమ్మం అవతల నిలబడి తొంగి చూస్తున్నాడు. సీలాయన లేచి, చుట్టను బల్ల మధ్యలో నిలబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది బ్యాంకు కౌంటర్లో నా చేతికొచ్చింది. అక్కడినుంచి నేరుగా మా ఇంటి బీరువాలోకి వెళ్ళింది. ఇంట్లో ఉండేది నేనూ మా ఆవిడానూ, అంతే. దీనిమీద ఎవరి చెయ్యీ పడలేదు. ఇది నా మాట."

"పడింది" అంది పొట్లాలక్క.

బల్ల చుట్టూ తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

"ఎవరిదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నాదేనండీ."

సీలాయన నవ్వాడు. "దుమ్ము దులుపుతుంటే తగిలుంటుంది లెండి. అది లెక్కలోకి రాదు."

"దులపలేదండీ. విప్పాను."

"విప్పలేదు."

"విప్పాను!"

"నువ్వు విప్పితే నాకు తెలియదా? సార్, మీరే చూడండి!" అంటూ ఆయన భూతద్దాన్ని బల్ల చుట్టూ తిప్పాడు. భార్య అబద్ధమాడదని ఆయనకు తెలుసు. కానీ భూతద్దం అసలే ఆడదు. అందరూ వంతులవారీగా చూసి, మడతలు ముట్టుకున్న జాడే లేదు, వదినగారే పొరబడ్డారని తేల్చేశారు. తప్పు చేశానని ఒప్పుకోవడానికి లోకంలో ఎవరూ ఇంత అవస్థ పడి ఉండరు.

ఆవిడకు ఒళ్ళు మండింది. కొప్పులోంచి పిన్ను లాగి, చుట్టను అందుకుని, రేకులు లేపి బల్ల మీద కుమ్మరించింది. ముందు ఒక ఓడ పడింది. దాని వెనక ఆకు, ఆకు, ఆకు, అన్నీ ఆకులే. అన్నిటికన్నా చివర మళ్ళీ ఒక ఓడ. మధ్యలో పిల్లల ఆటల దుకాణంలో వాడే ఇత్తడి బిళ్ళ ఒకటి దొర్లుకుంటూ పోయి పెద్దాయన ముందు ఆగింది.

"ఇదెవడో నాకు అంటగట్టాడు" అని ఆవిడ దాన్ని పక్కకు నెట్టింది. బల్ల మీద సరుకు చిందరవందరగా ఉంటే చూడలేని మనిషి కాబట్టి, మాట్లాడుతూనే బిళ్ళలు పేర్చి, కాగితంలోకి జార్చి, ఓడల్ని రెండు చివర్లా పెట్టి, మడత మీద మడత వేసి, బొటనవేలితో ఒక నొక్కు నొక్కి నిలబెట్టింది. చుట్ట ఎప్పటిలాగే బుద్ధిగా నిలబడింది. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే కదా!" అని గుమ్మం అవతలినుంచి గడ్డం చప్పట్లు కొట్టాడు. "అమ్మా, రోజుకెంత కావాలో చెప్పండి. మా దగ్గర చుట్టే పని బోలెడుంది."

"నీకు ఉప్పు పొట్లం కూడా కట్టను, ఫో!" అంది ఆవిడ.

సీలాయన మెల్లగా గొడుగు తీసుకున్నాడు.

"కూర్చోండి, ఇందులో మీ తప్పేముంది?" అన్నాడు పెద్దాయన.

"మాట నాది సార్. నియమమూ నాదే" అని ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ వంగిన వీపు చూస్తే ఆవిడకు జాలేసింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"ఆగండి. చెప్పకుండా తీశాను, చెప్పకుండా పెట్టాను. దానికి తిట్టండి, పడతాను. కానీ ఎవరి చెయ్యీ పడలేదని అంత గట్టిగా ఎలా అన్నారండీ? ఆ ఇంట్లో నేను లేనా? పొద్దున లేచిందగ్గర్నుంచి నా చెయ్యి పడని వస్తువు అక్కడ ఏదుంది? మీ భూతద్దం ఎవరు తుడుస్తున్నారు?"

సీలాయన చేతిలోని భూతద్దం వైపు చూసుకున్నాడు. ఒక్క మరక కూడా లేదు.

ఇంటికి సగం దారి నడిచారు. చివరికి ఆయనే అడిగాడు.

"ఎప్పటినుంచి?"

"కొట్టు పెట్టిన కొత్తనుంచి. చిల్లర చాలక."

"నాకు చెప్పొచ్చు కదా?"

"మీరు ఒక్కసారైనా కొట్లోకి వచ్చారా చెప్పడానికి?"

ఆయన గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

తరవాతి ఆదివారం వెళ్ళడానికి చోటు లేక కొట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాక పొట్లాలు కడతానన్నాడు. ఆయన కట్టిన మొదటి పంచదార పొట్లాన్ని ఆవిడ తలకిందులు చేసింది. పంచదారంతా ఆయన చెప్పుల్లోకి దిగింది. భూతద్దం పెట్టి ఆవిడ మడతలు గమనించాడు, మళ్ళీ కట్టాడు, మళ్ళీ ఒలికింది. కిస్తీల మీద తెచ్చిన పాత ఫ్రిజ్ ఒకటి మూలన గుర్రుమంటూ ఉండగా, కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. చీమలు మాత్రం ఆయన్ను చాలా మెచ్చుకున్నాయి.

ఒక ఆదివారం గడియారాల పెద్దాయన కొట్టుకు వచ్చాడు. మీరు లేక గది బోసిపోయింది, నియమం సంగతి మరిచిపోండి అన్నాడు. ఆదివారాలు ఖాళీ లేదన్నాడు సీలాయన, ఒళ్ళో పంచదార దులుపుకుంటూ.

"పోనీ ఆ చివరి ఓడ బిళ్ళలు రెండూ ఉన్నాయి కదా, అవైనా ఇస్తారా? మంచివేనా?"

సీలాయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. గల్లాపెట్టెలోంచి చుట్ట తీసి, గొంతు సవరించుకున్నాడు.

"దీనిమీద రెండు చేతులు పడ్డాయి సార్. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. ఎక్కువ పడింది ఆవిడదే. ఇది నా మాట."

పొట్లాలక్క త్రాసు దగ్గర తల వంచుకుని ఉంది. ముల్లు ఎప్పుడో నిలబడినా ఇంకా తూస్తూనే ఉంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, తలెత్తకుండానే ఆయన వైపు చెయ్యి చాపింది.

"ఆ రెండూ వారికిచ్చేసి, చుట్ట ఇలా ఇవ్వండి. చిల్లర అయిపోయింది."