నల్లబడిన గుండె గీతలు

ఈసీజీ కాగితాన్ని లామినేషన్ చేయించకండి, వేడికి నల్లబడిపోతుందని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను.

హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజులవి. నేను బాగుచేసిన ఈసీజీ మిషన్‌తో బాలానగర్‌లో బస్సెక్కి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో ఆ భవనం దగ్గర సిమెంటు మోసే ఒకామె కూర్చుంది. మిషన్‌ను గుర్తుపట్టి, సంచిలోంచి లామినేషన్ చేసిన కాగితం తీసింది. అంతా నలుపే.

"మా ఆయన గుండె గీతలు సారూ. దవాఖానల తీసిన్రు, మాపటికే పాణం పోయింది. ఫోటో గూడ లేదు మాకు. ఖరాబ్ కావద్దని గిట్ల చేయిపిచ్చిన. మీ మిషన్ల మళ్ల వస్తయా?"

"రావమ్మా," అన్నాను.

ఆమె ఆ నలుపు మీద వేలిని పైకీ కిందికీ కదుపుతూ వెళ్ళి, కాగితం అంచు దగ్గర ఆపింది.

"గీడిదాంక బతికున్నడు సారూ."