మూడు ముక్కల కబురు

రేవులో అందరూ ఆమెను రేడియో అక్క అనేవారు. సొంత తమ్ముడు కూడా ఉత్త అక్కా అని ఊరుకోక, రేడియో అక్కా అనే ఏడిపించేవాడు. చేపల పడవలతో మాట్లాడే గదిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న మనిషి. ఎక్కడో మబ్బుల్లో మెరుపు మెరిస్తే చాలు, ఆ గదిలో రేడియో చిటపటమని చెవులు చిల్లులు పొడిచేది. ఆ గోలలోంచి కూడా ఎవరేమన్నారో ఆమె ఇట్టే పట్టేసేది.

తర్వాత కొత్త యంత్రం వచ్చింది. పడవలో టైపు చేసిన కబురు అంకెలై గాలిలో వచ్చి, ఇక్కడ మళ్లీ అక్షరాలై తెర మీద పడుతుంది. గొంతు చించుకునే పని లేదు. కానీ దానికి మహా పట్టింపు. మెరుపు ఉండేది రెప్పపాటే, ఆ రెప్పపాటులోనే వందల అంకెలు గల్లంతవుతాయి. లెక్క సరిపోలేదా, యంత్రం కబురు మొత్తాన్నీ ‘చెడినవి’ అనే పెట్టెలోకి నెట్టేస్తుంది. అన్నంలో ఒక్క రాయి తగిలితే కంచమే విసిరికొట్టే రకం. పడవలోని యంత్రం మూడుసార్లు పంపి చూసి, ఇక ఊరుకుంటుంది.

రేడియో అక్క దీనికీ విరుగుడు కనిపెట్టింది. చెడిన మూడు ప్రతులనూ ఒకదాని కింద ఒకటి పెట్టేది. మెరుపు ఒక్కోసారి ఒక్కో చోట కొరుకుతుంది కదా, ఒకదాంట్లో పోయిన మాట ఇంకోదాంట్లో దొరికేది. ఈ విద్య రేవులో ఇంకెవరికీ రాదు.

ఆ మధ్యాహ్నం ఆకాశం విరిగిపడుతోంది. నలభై పడవలు సముద్రం మీదున్నాయి. తమ్ముడు ఒంటరిగా నడిపే చిన్న పడవ వాటిలో ఒకటి. అందరూ ఒక్కసారే ‘వస్తున్నాం’ అని పంపుతున్నారు. పెట్టె నిండి యంత్రం మొరాయించింది. ఖాళీ చేస్తే తప్ప కొత్తవి రావు. తమ్ముడి కబురు ఇంకా తెర మీదికి రాలేదు, దానికి దారివ్వాలనే ఆమె తొందర. చెడినవన్నీ వస్తున్నామనేవేలే అనుకుని, చదవకుండానే తుడిచేసింది.

సాయంత్రానికి ముప్పైతొమ్మిది పడవలు చేరాయి. మూడో రోజు తమ్ముడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

వారం తర్వాత మరమ్మతు ఇంజినీరు, తుడిచేసిన వాటిని యంత్రం లోపలి నుంచి పైకి తీశాడు. తమ్ముడు పంపినవి మూడు కాగితాల మీద అచ్చు వేసి ఆమె ముందు పెట్టాడు.

“చూడండక్కా, మూడూ పాడైపోయాయి. ఎవరు మాత్రం ఏం చదవగలరు? పిడుగుల తప్పు, మీది కాదు.”

ఆమె వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టింది. ‘ఇంజిన్ ఆగింది. నీళ్లొస్తున్నాయి. లైట్‌హౌస్‌కి తూర్పున రెండు మైళ్లు. రేడియో అక్కా, ఎవరినైనా పంపు.’

రెండు మైళ్లు. రక్షణ పడవకు పావుగంట పని. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

పై అధికారులు కూడా పిడుగుల తప్పనే రాశారు. నోరు మూసుకుంటే గొడవే లేదు. అది ఆమెకు చేతకాలేదు. కాగితాలు పట్టుకుని మరదలి ఇంటికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మరదలు తిట్టలేదు. కాగితాలు అందుకుని చూసింది.

“ఇది చదవడానికి నీకెంతసేపు పట్టింది వదినా?”

“రెండు నిమిషాలు కూడా పట్టలేదమ్మా.”

మరదలు లేచి తలుపు తీసి పట్టుకుంది.

“ఇంక వెళ్లు వదినా. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది. నిన్ను చూస్తే అత్తా అంటూ వచ్చి నీ ఒళ్లోనే పడతారు. అది నేను చూడలేను.”