తెలుగులో ఇచ్చిన ఆజ్ఞ

ఆర్మూరు మార్కెట్ యార్డులో భూమవ్వ పసుపు కుప్ప పడిందంటే, దాని పక్కనే రిటైరైన సుబేదార్ వహీద్ స్టూలు పడాల్సిందే. ఏటా అంతే. భీమ్‌గల్ నుంచి ఆమె బస్తాలు దిగుతుండగానే ఆయన గేటు దగ్గరి సెక్యూరిటీ డ్యూటీ ఇంకొకరికి అప్పగించి వచ్చేస్తాడు. కొమ్ములు వేరుగా, గుండ్రటి గోళ వేరుగా పోయించి, తూకం అయ్యేదాకా అక్కడి నుంచి కదలడు.

ఆ రోజూ చాయ్ గ్లాసుతో వచ్చాడు. రంజాన్ నెల.

“ఒక్కపొద్దు ఉన్నోనివి, నాకు చాయ్ మోసుకొస్తవా తమ్మీ? నన్ను పాపంల ముంచుతవా ఏంది?” అంది భూమవ్వ.

“వాసన సూస్తే ఒక్కపొద్దు పోదు గని, తాగక్కా.”

“మేం గిన్ని బస్తాలు మోస్తిమి. సాబ్ మాకు ఒక్కనాడన్న తెచ్చిండా?” అని హమాలీ నర్సింలు దెప్పిపొడిచాడు.

“కుప్పల కాలు వెట్టకుంట నడువు. నీకు గుడ తెస్త.”

వహీద్ తండ్రి కూడా ఈ యార్డులోనే హమాలీ. వహీద్ పద్దెనిమిదేళ్లకు సికింద్రాబాదు వెళ్లి సిపాయిగా చేరాడు. నాయక్ అయ్యాడు, హవల్దార్ అయ్యాడు. తన కింది కుర్రాళ్లలో ఎవరికైనా ఇంటి నుంచి ఉత్తరం రాకపోతే, ఆ పూట వాడి పక్కనే కూర్చుని తినేవాడు. కార్గిల్ యుద్ధం నాటికి నాయబ్ సుబేదారు. కొండ ఎక్కుతుండగా ఆఫీసరుకు తూటా తగిలి, ముప్పై మంది ప్రాణాలు ఆయన చేతికొచ్చాయి.

పైన బంకర్లో శత్రువు. వైర్‌లెస్ పనిచేయడం లేదు. ఒక్కడు ఎడమ పక్క నుంచి పాకుతూ పోవాలి, కింద నుంచి ఒకరు కేకవేసి దారి చెప్పాలి. హిందీలో అరిస్తే పైవాళ్లకు అర్థమైపోతుంది. తెలుగు తెలిసినవాడు ఆ ముప్పై మందిలో ఇంకొక్కడే. భూమవ్వ ఒక్కగానొక్క కొడుకు దేవరాజు, ఇరవై రెండేళ్లవాడు.

“దేవరాజూ, నువ్వు పోవాలె.”

“నేనేనా సాబ్?”

“నువ్వే.”

“ఎడమకు, ఇంకింత ఎడమకు” అని వహీద్ అరుస్తూ ఉంటే వాడు పాకుతూ వెళ్లాడు. బంకరు చిక్కింది. దేవరాజు తిరిగి రాలేదు. వహీద్‌కు పతకం వచ్చింది, ఆ తర్వాత సుబేదారు అయ్యాడు.

సెలవులో భీమ్‌గల్ వెళ్లి ఆ తల్లి ముందు నిలబడితే నిజం నోటికి రాలేదు. “ఎవ్వరు చెప్పకుంటనే తనే ముందటికొచ్చిండక్కా. పులి లెక్క పోయిండు” అన్నాడు. ఆమెకు గర్వంగా ఉంటుందనుకున్నాడు. తనకూ కొంత తేలికవుతుందని ఆశపడ్డాడేమో, అది అల్లాకే తెలియాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట అలాగే ఉండిపోయింది.

“అక్కా, బడిల దేవరాజు ఫోటో వెడుతున్నరు. పైవారం. నన్ను మాట్లాడుమన్నరు. నువ్వు రావాలె,” అన్నాడు వహీద్.

భూమవ్వ గ్లాసు కింద పెట్టింది. “నేను రాను.”

“గదేందక్కా?”

“వాడు ఆఖరుసారి పోయేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి వెట్టించుకున్న. ‘కొడుకా, పొమ్మంటే పో, నీ కొలువే గది. ఎవలు అడగకముందే ఎగేసుకొని పోకు. నాకు నువ్వొక్కనివే’ అన్న. సరేనవ్వా అన్నడు. ఆడికి వోయినంక నేను యాదికి రాలే. పెత్రమాసకు అందరు సచ్చిపోయినోళ్ల పేరు మీద బియ్యమిస్తరు. మా ఆయన పేరున ఇస్త, మా అత్త పేరున ఇస్త. వాని పేరున ఒక్క ఏడు గుడ ఇయ్యలే. అవ్వను కాదనుకొని పోయినోనికి ఏమియ్యాలె?”

వహీద్ స్టూలు మీంచి లేచాడు. తాను దయ అనుకుని చెప్పిన మాట చనిపోయిన బిడ్డను తల్లికి కానివాణ్ణి చేసింది. ఇప్పుడు నిజం చెబితే ఆమెకు కొడుకు దక్కుతాడు. తనను తమ్మీ అని పిలిచే ఈ ఒక్క అక్క తనకు దక్కదు.

“అక్కా, వాడు తనంతట తాను పోలే. నేను పొమ్మన్న. పేరు వెట్టి పిలిచిన,” అన్నాడు. తెలుగు సంగతీ, కేకల సంగతీ దాచకుండా చెప్పాడు. “నేనేనా సాబ్ అని అడిగిండు. నువ్వే అన్న. గప్పుడు పోయిండు.”

బస్తా దించబోతున్న నర్సింలు అలాగే ఆగిపోయాడు.

“అడిగిండా? నేనేనా అని?”

“అడిగిండక్కా.”

“గట్లయితే వాడు ఒట్టు తప్పలే,” అంటూ భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. వహీద్ చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. నర్సింలు నీళ్ల సీసా తెచ్చి ఆమె దగ్గర పెట్టాడు.

ఆమె తలెత్తింది. “ఇరవయ్యారేండ్లు నా కొడుకును తిట్టుకున్న. నీతోని చాయ్ తాగుకుంట తిట్టుకున్న.”

“మాఫ్ చెయ్యమని అడిగే మొఖం లేదు నాకు.”

“నాకు గాదు, మా వాడకట్టుకు చెప్పు. నేను వాని పేరున ఎందుకియ్యనో అందరికెరికే. ఇయ్యాల్నే చెప్పు, నీ నోటితోనే.”

“వస్త. బడిల గుడ ఇదే చెప్తక్కా.”

“అక్కా గిక్కా ఎనుక సూద్దం. ముందుగాల నడువు.”

తూకం అయ్యాక ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఆమె ముందు సీట్లో కూర్చుని పక్కన సంచి పెట్టుకుంది. ఆయన వెనక నిలబడ్డాడు. భీమ్‌గల్‌లో దిగి, వాకిట్లోకి అడుగు పెట్టకముందే భూమవ్వ పక్కింటికి కేకేసింది. “ఓ నీలవ్వా! అందర్ని పిలుచుకరా. ఈయన ఒక మాట చెప్తడట.”

పదిమంది దాకా చేరారు. కుర్చీ వేసినా వహీద్ కూర్చోలేదు. “దేవరాజును... నేనే పంపిన...” అన్నాడు.

“గట్టిగ చెప్పు,” అంది భూమవ్వ. “ఎనుకోళ్లకు ఇనొస్తలేదు.”